ల్యాప్‌టాప్‌లో పచ్చగా ఉంది... చెరువులో కాదు!

"అది పొలం గాదు రా, గుర్రపుడెక్క."

నాయిన ఆ మాట అన్నది ఒక ఆదివారం మధ్యాహ్నం. నైట్ షిఫ్ట్ చేసొచ్చి, పడుకుని లేచి, చాయ్ గ్లాసు పట్టుకుని నా వెనక నిలబడ్డాడు. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద మా ఊరి చుట్టుపక్కల మ్యాప్ ఉంది. యూరప్ వాళ్ల సెంటినెల్-2 శాటిలైట్ తీసిన ఫొటో డౌన్‌లోడ్ చేసి, నేను రాసిన ప్రోగ్రామ్‌తో దానికి రంగులు వేశా. నీళ్లు నీలం, ఇళ్లూ షెడ్లూ ఎరుపు, పంటలు పచ్చ. మా చెరువున్న చోట సగం నీలం, సగం పచ్చ. "చూడు నాయినా, చెరువు సగం ఎండిపోయింది, శిఖంల పొలాలు చేస్తున్నరు" అని గొప్పగా చెప్పా. దానికి ఆయన ఇచ్చిన జవాబే పైది.

నమ్మలేదు. ఇద్దరం బండి మీద పోయి చూశాం. కట్ట ఎక్కితే ఎదురుగా ఎకరాలకెకరాలు గుర్రపుడెక్క. దట్టంగా, నిగనిగలాడుతూ, ఊదారంగు పూలతో. కింద నీళ్లే ఉన్నాయి. వాసన చూస్తే ఎలాంటి నీళ్లో తెలిసిపోతుంది.

"మే నెలల గూడ గిట్లనే పచ్చగుంటది. మే నెలల గింత పచ్చగుండే పొలం మన దిక్కు ఎక్కడన్న జూసినవా?" అన్నాడు నాయిన.

నా ప్రోగ్రామ్ తప్పేంటో అక్కడే అర్థమైంది. ఆకు ఎర్ర కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఎక్కువగా వెనక్కి పంపుతుంది. ఈ రెంటి తేడాని బట్టి శాటిలైట్ ఫొటోలో పచ్చదనాన్ని లెక్కకడతాం. ఆ లెక్కకి వరి ఆకైనా, మురికినీళ్లలో ఊరిన గుర్రపుడెక్క ఆకైనా ఒకటే. రోగాన్ని చూసి ఆరోగ్యం అని రిపోర్ట్ ఇచ్చింది నా కోడ్. ఆ రాత్రి ఒక్క ఫొటో బదులు ఏడాది పొడవునా తీసిన ఫొటోలు వరసగా పెట్టా. వరి అయితే పచ్చదనం పెరుగుతుంది, కోతకొచ్చాక పడిపోతుంది. గుర్రపుడెక్క గీత మాత్రం మే నెలలో కూడా కిందికి దిగలేదు. నాయిన అడిగిన ప్రశ్నే నా ప్రోగ్రామ్‌లో కొత్త రూల్ అయింది.

నాకు 28 ఏళ్లు. పటాన్‌చెరు దగ్గర నక్కవాగు పక్క ఊరు మాది. బీటెక్ అయ్యాక ఆరేళ్లుగా గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ జాబ్. వచ్చే నెల రిజైన్ చేసి రెండేళ్ల పీజీకి వెళ్తున్నా. ఎకాలజీలో. అందులో నాకు కావలసింది ల్యాండ్‌స్కేప్ ఎకాలజీ.

గార్డెనింగ్ కాదు బాస్!

ఈ పేరు చెప్పగానే మా టీమ్‌లో ఒకడు, "అంటే విల్లాల్లో లాన్ వేయడమా?" అన్నాడు. కాదు. మామూలు ఎకాలజీ ఒక అడవిలో ఏమేం బతుకుతున్నాయి అని అడిగితే, ఇది ఇంకో ప్రశ్న అడుగుతుంది. ఆ అడవి ఎంత ఉంది, ఏ ఆకారంలో ఉంది, పక్కన ఏముంది, ఇంకో అడవితో కలిసి ఉందా, తెగిపోయి ఉందా? అంటే ఏది ఎక్కడ ఉందన్నది కూడా బతుకుని నిర్ణయిస్తుందని చెప్పే శాస్త్రం.

ఈ పేరు పెట్టింది కార్ల్ ట్రోల్ అనే జర్మన్ జాగ్రఫీ ప్రొఫెసర్, 1939లో. విమానం నుంచి తీసిన ఫొటోలు చూస్తూ ఆయనకి ఈ ఆలోచన వచ్చింది. నేల మీద నిలబడితే చెట్టు కనిపిస్తుంది, పైనుంచి చూస్తే చెట్ల గుంపులూ వాటి మధ్య ఖాళీలూ కనిపిస్తాయి కదా. తర్వాత 1986లో రిచర్డ్ ఫోర్మన్, మిషెల్ గోడ్రాన్ అనే ఇద్దరు ఇదే పేరుతో పుస్తకం రాశారు. ప్యాచ్, కారిడార్, మ్యాట్రిక్స్ అనే మూడు మాటలు అందరి నోళ్లలో నానింది ఆ తర్వాతే.

మా ఏరియాతోనే చెప్తా. పటాన్‌చెరులో ఇక్రిశాట్ క్యాంపస్ ఉంది. 1972లో మొదలైన అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ. దాదాపు 1,400 హెక్టార్లు. చుట్టూ ఫ్యాక్టరీలు, అపార్ట్‌మెంట్లు వచ్చేసినా లోపల పొలాలు, చెట్లు, చెరువులు, బోలెడన్ని పక్షులు మిగిలాయి. అదొక ప్యాచ్. సంగారెడ్డి పక్కన మంజీరా అభయారణ్యం ఇంకో ప్యాచ్. 1978లో ప్రకటించారు, మొసళ్లకి పేరు. అమీన్‌పూర్ చెరువు మరొకటి. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. వీటి మధ్య ఉన్న మిగతాదంతా, అంటే షెడ్లు, వెంచర్లు, బీడు భూములు, ముంబై హైవే, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో మా దగ్గరున్న ముక్క, ఇదే మ్యాట్రిక్స్. ఒక ప్యాచ్ నుంచి ఇంకో ప్యాచ్‌కి ప్రాణులు దాటిపోవడానికి దారి ఉంటే అది కారిడార్.

కొంగకి ఔటర్ రింగ్ రోడ్డు లెక్కేం కాదు, ఎగిరిపోతుంది. తాబేలుకి అదే చైనా గోడ. ఒకే మ్యాప్ ఒక్కో ప్రాణికి ఒక్కోలా ఉంటుంది. ఈ సబ్జెక్టులో నన్ను మొదట పడేసింది ఈ పాయింటే.

ఇదేదో పుస్తకాల ముచ్చట అనుకోవద్దు. ఆదిలాబాద్ వైపు కవ్వాల్‌ని 2012లో టైగర్ రిజర్వ్ చేశారు. మహారాష్ట్రలోని తడోబా వైపు నుంచి పులులు కాగజ్‌నగర్ అడవుల మీదుగా ఇటు వస్తాయి. ఆ మధ్య దారి తెగిపోతే కవ్వాల్‌కి కాగితం మీద ఎంత విస్తీర్ణం ఉన్నా లాభం లేదు. నిజామాబాద్, ఆదిలాబాద్ మీదుగా నాగ్‌పూర్ వెళ్లే 44వ నంబర్ జాతీయ రహదారి, ఇంకా పైకి పోతే పెంచ్ అడవిని కోసుకుంటూ వెళ్తుంది. అక్కడ జంతువులు కింద నుంచి దాటేలా రోడ్డుని ఎత్తి కట్టారు. పులులు వాటి కింద నడిచిపోవడం కెమెరాల్లో రికార్డైంది. ఎక్కడ ఎత్తాలి, ఎంత పొడవు ఎత్తాలి అని తేల్చడంలో పనికొచ్చే చదువు ఇది.

మన తాతలకు తెలిసిన గ్రాఫ్ థియరీ

సాఫ్ట్‌వేర్ వాళ్లకి గ్రాఫ్ అంటే చుక్కలూ గీతలూ. నోడ్స్, ఎడ్జెస్. గూగుల్ మ్యాప్స్‌లో రూట్ చూపించేది అదే. 2001లో అమెరికాలో డీన్ అర్బన్, టిమోతీ కీట్ అనే ఇద్దరు ఇదే గ్రాఫ్ థియరీని అడవులకి వాడొచ్చని ఒక పేపర్ రాశారు. అడవి ముక్కలు చుక్కలు, జంతువులు తిరిగే దారులు గీతలు. ఏ చుక్క తీసేస్తే మొత్తం నెట్‌వర్క్ రెండుగా విరిగిపోతుందో కంప్యూటర్ చెప్పేస్తుంది. ఈ పేపర్ చదువుతుంటే, ఇది నాకు ముందే తెలుసే అనిపించింది. ఎక్కడంటే, చిన్నప్పుడు నాయినమ్మ దగ్గర.

గొలుసుకట్టు చెరువులు! పై చెరువు నిండితే మత్తడి దూకుతుంది. ఆ నీళ్లు కాలువ పట్టుకుని కింది చెరువుకి వస్తాయి. అది నిండితే దాని కిందిది. చివరికి వాగు, వాగు నుంచి నది. తెలంగాణ అంతా ఇదే అల్లిక. 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు 46 వేలకు పైగా చెరువుల్ని బాగు చేయాలని లెక్క వేశారు. ఒక్కో చెరువూ ఒక నోడ్, ఒక్కో మత్తడి కాలువా ఒక ఎడ్జ్. మన భాషలో 'గొలుసు' అన్న మాటలోనే థియరీ మొత్తం ఉంది. చెరువు చెక్కుచెదరకుండా ఉండి, పైనుంచి వచ్చే కాలువ మీద ఒక వెంచర్ పడిందనుకోండి. మ్యాప్‌లో చెరువు అలాగే ఉంటుంది. గొలుసు మాత్రం తెగిపోతుంది.

అయితే గొలుసుకి ఇంకో గుణం ఉంది. నీళ్లతో పాటు నీళ్లలో ఏది కలిస్తే అది కూడా కిందికి చేరుతుంది. అడవుల పుస్తకాల్లో కనెక్టివిటీ అంటే చాలావరకు మంచి మాట. మా దగ్గర అదే శాపం కూడా అయింది.

మా ఎకరంన్నర

పటాన్‌చెరు, బొల్లారం వైపు పరిశ్రమలు రావడం 1970ల్లో మొదలైంది. బల్క్ డ్రగ్ కంపెనీలు, కెమికల్స్. వాటి వ్యర్థ జలాలు కుంటల్లోకి, చెరువుల్లోకి, అక్కడి నుంచి నక్కవాగులోకి చేరాయి. నక్కవాగు మంజీరాలో కలుస్తుంది. వాగు నీళ్ల మీద ఆధారపడిన ఊళ్ల రైతుల తరఫున 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. అక్కడి నుంచి హైకోర్టుకి, తర్వాత గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్లి 2017లో గానీ ముగియలేదు. పటాన్‌చెరులో ప్రాక్టీస్ చేసిన డాక్టర్ ఎ. కిషన్ రావు దశాబ్దాల పాటు ఈ పోరాటం నడిపారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తయారుచేసిన అత్యంత కలుషిత ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు-బొల్లారం కూడా ఉంది.

2007లో స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు తీసుకునే పటాన్‌చెరు ట్రీట్‌మెంట్ ప్లాంట్ నుంచి శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీళ్లని వాళ్లు పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. అలాంటి నీళ్లలో మందుకి లొంగని బ్యాక్టీరియా తయారవుతుందన్నదే అందరి భయం. మందులకి లొంగని బ్యాక్టీరియా గురించి ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా పటాన్‌చెరు పేరు వస్తోందంటే కారణం ఇదే.

మాకు వాగు పక్కన ఎకరంన్నర ఉండేది. తాత వరి వేసేవాడు. నీళ్ల రంగు మారింది, పంట తగ్గింది, తర్వాత నాటు వేసినా పైకి రాలేదు. పొలం వదిలేశాక నాయిన పనికి పోయింది ఎక్కడికో తెలుసా? ఒక మందుల కంపెనీకే. బాయిలర్ దగ్గర ఆపరేటర్. ఆ జీతంతోనే నా ఇంజినీరింగ్ ఫీజు కట్టాడు. కంపెనీని తిట్టాలన్నా, పొగడాలన్నా మా ఇంట్లో ఎవరికీ నోరు రాదు. అన్నం ముందు కూర్చుని ఏమంటాం?

నాకు ఈ సబ్జెక్టు ఎందుకు అవసరమో చెప్పే ఒక చిన్న సంగతి చెప్తా. 1980ల నుంచి ఉన్న ల్యాండ్‌శాట్ ఫొటోల్లో ఒక్కో పిక్సెల్ నేల మీద 30 మీటర్లు. మా ఊరి దగ్గర ఎండాకాలంలో సన్నగా పారే వాగు ఆ పిక్సెల్‌లో సగం కూడా ఉండదు. పక్కనున్న తుమ్మచెట్లతో, మట్టితో కలిసిపోయి మాయమవుతుంది. మా పొలాన్ని తీసుకుపోయిన వాగు మ్యాప్‌లో ఒక చుక్కగా కూడా లేదు! ల్యాండ్‌స్కేప్ ఎకాలజీ క్లాసులో మొదట నేర్పేది దీని గురించే. స్కేల్ అంటారు. ఎంత దగ్గర నుంచి చూస్తున్నావు, ఎంత దూరం వరకు చూస్తున్నావు? అది మారితే జవాబు మారిపోతుంది. పెద్ద స్కేల్‌లో 'ఇక్కడ పచ్చదనం పెరిగింది' అన్న మాట నిజం కావచ్చు. ఆ పచ్చదనం గుర్రపుడెక్కా, వరా అన్నది కట్ట మీద నిలబడితే తప్ప తెలియదు.

ఏ మ్యాప్‌లోనూ లేని గీత

మా ఏరియా చెరువుల గ్రాఫ్ గీయడం ఆరు నెలల క్రితం మొదలుపెట్టా. వీకెండ్ ప్రాజెక్ట్. మా దగ్గర పడ్డ చినుకు నక్కవాగు పట్టుకుని మంజీరాకి పోవాలి, నిజాంసాగర్ మీదుగా వెళ్లి కందకుర్తి దగ్గర గోదావరిలో కలవాలి. హైదరాబాద్‌లో పడ్డ చినుకు మూసీ పట్టుకుని వాడపల్లి దగ్గర కృష్ణలో కలవాలి. అంటే పటాన్‌చెరుకీ హైదరాబాద్‌కీ మధ్య నేల సన్నగా గుబ్బెత్తి, గోదావరినీ కృష్ణనీ విడదీస్తోంది. రోజూ ఆఫీసుకి వెళ్తూ ఆ గట్టు దాటుతున్నా, నాకెప్పుడూ తెలియలేదు.

చెరువులన్నీ పెట్టాక ఇంకో గీత గుర్తొచ్చింది. పటాన్‌చెరు ప్లాంట్‌లో శుద్ధి చేసిన వ్యర్థ జలాల్ని తీసుకెళ్లడానికి తర్వాతి రోజుల్లో 18 కిలోమీటర్ల పైప్‌లైన్ వేశారు. అది హైదరాబాద్ మురుగు కాలువల్లో కలుస్తుంది. అక్కడి నుంచి అంబర్‌పేట ట్రీట్‌మెంట్ ప్లాంట్, తర్వాత మూసీ. ఆ గీత గీసి చూస్తే, గోదావరికి పోవాల్సిన నీళ్లు గట్టు దాటి కృష్ణ వైపు వెళ్తున్నాయి. ప్రకృతి వేసిన మ్యాప్‌లో ఈ రెండు నదులకి ఇక్కడ సంబంధం లేదు. మనం కలిపాం. ఫ్యాక్టరీల నుంచి ప్లాంట్‌కి వ్యర్థాలు మోసే ట్యాంకర్లు కూడా గీతలే. వాటికి చక్రాలుంటాయి, అంతే తేడా.

నక్కవాగుకి అది కొంత ఊరటే కావచ్చు. కానీ గ్రాఫ్ మొత్తం చూస్తే నీళ్లు మాయం కాలేదు, చిరునామా మారింది. ఒక ఊరి బాధ తగ్గిందా లేక ఇంకో ఊరికి వెళ్లిందా అని అడగాలంటే రెండు ఊళ్లూ ఒకే మ్యాప్‌లో ఉండాలి. నేను నేర్చుకోవాలనుకుంటున్నది అలాంటి మ్యాప్ వేయడమే. కోడింగ్ వచ్చు కాబట్టి గీతలు గీయగలను. ఏ గీత ఎంత ముఖ్యమో చెప్పాలంటే స్టాటిస్టిక్స్, నీళ్ల శాస్త్రం, జీవశాస్త్రం, ఫీల్డ్ వర్క్ కావాలి. అవి యూట్యూబ్‌తో రావు. ఏడాదంతా ట్రై చేశా, రాలేదు.

చేరాలనుకునే వాళ్లకి

నాలాంటి ఇంజినీర్లు అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా. మన దేశంలో ల్యాండ్‌స్కేప్ ఎకాలజీ ఎక్కువగా ఎకాలజీ, వైల్డ్‌లైఫ్, రిమోట్ సెన్సింగ్ పీజీల్లో ఒక భాగంగా ఉంటుంది. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, ఇస్రో వాళ్ల ఐఐఆర్ఎస్ ఉన్నాయి. బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ బయాలజీ ఎమ్మెస్సీకి బీటెక్ వాళ్లు కూడా అప్లై చేయొచ్చు. బెంగళూరు ఐఐఎస్సీలో ఎకాలజీకి ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఉంది. పాండిచ్చేరి యూనివర్సిటీలో ఎకాలజీ ఎమ్మెస్సీ ఉంది. మా సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో క్లైమేట్ చేంజ్ విభాగం ఉంది.

జాబ్ మానేసే ముందు రుచి చూడండి. క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ. సెంటినెల్, ల్యాండ్‌శాట్ ఫొటోలు ఫ్రీ. ఇస్రో 'భువన్' పోర్టల్ మన దగ్గరే ఉంది. ఐఐఆర్ఎస్ ఆన్‌లైన్ కోర్సులు కూడా ఫ్రీ. మీ ఊరి చెరువు ఒకటి పట్టుకోండి. దాని పై చెరువు ఏది, కింది చెరువు ఏది, కాలువ ఇప్పుడు ఎక్కడుంది? ఈ మూడు ప్రశ్నలకి జవాబు దొరికే లోపు ఈ చదువు మీకు పడుతుందో లేదో తెలిసిపోతుంది. పడకపోయినా మీ ఊరి గురించి కొంత తెలుస్తుంది, నష్టం లేదు.

ఒకటి మాత్రం నిజం. జీతం తగ్గుతుంది. చదివేటప్పుడే కాదు, చదివాక కూడా ఇప్పుడొచ్చే ప్యాకేజీ రావడం కష్టం. నేను హోమ్ లోన్ తీసుకోలేదు కాబట్టి ధైర్యం చేస్తున్నా. ఈఎంఐలు ఉన్నవాళ్లు ఆలోచించుకోండి.

ఇంట్లో చెప్పిన రోజు

అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "మంచి జీతం ఇడిసిపెట్టి చెరువుల పొంటి తిరుగుతవా?" అంది. నాయిన ఏమీ అనలేదు. ఆ రాత్రి షిఫ్ట్‌కి పోయేముందు చెప్పులు వేసుకుంటూ అడిగాడు.

"మా కంపెనీ మీద రాస్తవా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. జవాబు కూడా రెడీగా పెట్టుకున్నా. "కంపెనీల మీద గాదు నాయినా, నీళ్ల మీద."

"నీళ్లు యాడికెళ్లి వస్తయో గూడ రాయాలె గద మరి" అని వెళ్లిపోయాడు.

వద్దన్నాడా, సరే అన్నాడా? రాత్రంతా ఆలోచించా. రిటైర్మెంట్‌కి ఇంకా నాలుగేళ్లున్న మనిషి. పొద్దున షిఫ్ట్ నుంచి వచ్చాక చాయ్ తాగి, స్టూల్ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "తీయి గా మ్యాపు" అన్నాడు. ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ చెప్పాడు. ఇక్కడొక కుంట ఉండె, పూడ్చిన్రు. ఈ షెడ్డు కింద కాలువ. గీ రోడ్డు ఎత్తు చేసినప్పటి సంది నీళ్లు ఇటు మళ్లినయ్. గంటలో పదకొండు పాయింట్లు. అందులో ఏడు ఏ శాటిలైట్ ఫొటోలోనూ నాకు కనిపించనివి.

మ్యాప్‌లో ఉన్నది నేల మీద నిజంగా ఉందా అని వెళ్లి సరిచూసుకోవడాన్ని ఈ సబ్జెక్టులో గ్రౌండ్ ట్రూత్ అంటారు. నేల మీది నిజం. ఎక్సెల్ షీట్‌లో ఆ పదకొండూ ఎక్కించా. ఎవరు చెప్పారు అన్న కాలమ్‌లో నాయిన పేరు రాశా.

చివర్లో ఆయనే అడిగాడు, "మన ఎకరంన్నర యాడుంది ఇండ్ల?" జూమ్ చేసి చూపించా. నా ప్రోగ్రామ్ దానికి బీడు భూమి అని గోధుమ రంగు వేసింది.

"అది కరెక్టే" అన్నాడు నాయిన.